150 యూరోల మాస్కు, 42 లక్షల యూరోల మాస్కు: రెండూ ఒకటే

2021లో ఫ్రాన్స్‌లో ఒక వృద్ధ దంపతులు తమ రెండో ఇల్లు ఖాళీ చేస్తూ, అక్కడ పేరుకుపోయిన పాత సామాను తీసుకెళ్లమని సెకండ్ హ్యాండ్ వస్తువుల వ్యాపారిని పిలిచారు. ఆ సామానులో ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక చెక్క మాస్కు ఉంది. 150 యూరోలకు, అంటే అప్పటి లెక్కన పదమూడు వేల రూపాయలకు ఇచ్చేశారు. 2022 మార్చిలో మోంపెలియే నగరంలో అదే మాస్కు వేలానికొచ్చి 42 లక్షల యూరోలు పలికింది. ఫీజులు కలపకుండానే ఇది మన డబ్బులో 35 కోట్లు. సంగతి పేపర్లో చూసి దంపతులు లబోదిబోమంటూ కోర్టుకెక్కారు. 2023 డిసెంబరులో అలెస్ కోర్టు కేసు కొట్టేసింది, అమ్మే ముందు దాని విలువెంతో కనుక్కోకపోవడం మీ పొరపాటేనంది. మధ్యలో గాబన్ ప్రభుత్వం వచ్చి ఈ మాస్కు అసలు మా దేశానిదే కదా అంటే ఆ వాదన కూడా నిలబడలేదు.

ఈ కేసులో అందరూ 150కీ 42 లక్షలకీ ఉన్న తేడా గురించే మాట్లాడుకున్నారు. ఆ తేడా ఎక్కడ్నించి వచ్చిందో చూస్తే మాత్రం ఆఫ్రికన్ మాస్కుల మార్కెట్ మొత్తం అర్థమవుతుంది. చెక్క అదే, చెక్కడం అదే. మధ్యలో వచ్చి చేరిందల్లా ఒక కథ, దాన్ని రుజువు చేసే ఆధారాలు. అది గాబన్‌లోని ఫాంగ్ ప్రజల న్గిల్ సంఘానిది. రాత్రిపూట కాగడాల వెలుగులో ఊళ్లోకి వచ్చి చేతబడి చేసేవాళ్లను పట్టుకుని తీర్పు చెప్పే సంఘం అది, పొడవాటి ముఖానికి తెల్లమట్టి పూసిన ఆ మాస్కును చూస్తేనే జనం వణికేవాళ్లు. ఫ్రెంచి వలస ప్రభుత్వం ఆ సంఘాన్ని అణిచేసింది కాబట్టి కొత్త మాస్కులు పుట్టే అవకాశం పోయింది, ప్రపంచం మొత్తం మీద ఓ డజను దాకా మాత్రమే మిగిలాయంటారు. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: ఆ ఇంటాయన తాతగారు ఆఫ్రికాలో ఫ్రెంచి వలస పాలనలో గవర్నరుగా చేశారు, 1917 ప్రాంతంలో అక్కడ్నించి తెచ్చారు. ఈ ఒక్క ముక్క లేకపోతే అది మళ్లీ అనుమానాస్పద చెక్కముక్కే. అంటే మాస్కు ధరను ఆకాశానికెత్తింది ఒక వలస అధికారి పేరు, ఏ పరిస్థితుల్లో అది చేతులు మారిందో అడగాలనిపించేదీ అదే పేరు. ఈ వ్యాపారంలో ఈ రెండూ ఎప్పుడూ విడివిడిగా రావు.

అసలు మాస్కు అంటే మనం గోడకు తగిలించుకునే ముఖం అనుకోవడమే సేకర్తల ప్రపంచం నేర్పిన అలవాటు. అది పుట్టిన చోట, ఒళ్లంతా కప్పే రాఫియా నార దుస్తులు, డప్పులు, పాటలు, నర్తకుడు, చూడ్డానికి అర్హత ఉన్నవాళ్లు, లేనివాళ్లు, అన్నీ కలిస్తేనే మాస్కు. మాలీలో బమానా రైతుల చివారా చూడండి, మ్యూజియంలో గాజు పెట్టెలో సన్నగా, సొగసుగా వంపులు తిరిగిన జింక బొమ్మలా కనిపిస్తుంది. నిజానికి అది మొహానికి పెట్టుకునేదే కాదు, అల్లిన టోపీకి కట్టి నెత్తి మీద పెట్టుకుంటారు, కింద మనిషంతా నారలో మునిగిపోయి ఉంటాడు, ఆడ జింకా మగ జింకా జంటగా పొలంలో ఆడతాయి, సేద్యం నేర్పిన ఆ తొలి జీవిని తలుచుకుంటూ. జంటను విడదీసి ఒకటి పారిస్‌కీ ఒకటి న్యూయార్క్‌కీ అమ్మినవాళ్లకు ఆ సంగతి పట్టలేదు.

కాంగోలోని లేగా వాళ్లయితే చాలాసార్లు మాస్కును మొహానికి పెట్టుకోరు కూడా. అరచేతిలో పట్టే చిన్నవాటిని బ్వామి సంఘంలో చేతికి కట్టుకుంటారు, దడికి వేలాడదీస్తారు, నేల మీద వరుసగా పరుస్తారు. సియెరా లియోన్, లైబీరియాల్లో మెండే స్త్రీల సాండే సంఘంలో, నల్లగా నిగనిగలాడే సోవెయి మాస్కును మగవాళ్లు చెక్కుతారు గానీ ధరించేది ఆడవాళ్లే. ఆఫ్రికా మొత్తంలో చెక్క మాస్కు ఆడవాళ్లు పెట్టుకునే సంప్రదాయాలు చాలా అరుదు. నైజీరియాలో యోరుబా ప్రజల ఎగుంగున్ ఎక్కువగా గుడ్డల మీద గుడ్డలు కుట్టిన వేషం, బుర్కినా ఫాసోలో బ్వా ప్రజలకు ఒళ్లంతా ఆకులతో కట్టే మాస్కులున్నాయి, తంతు అయ్యాక అవి మిగలవు. సేకర్తల దగ్గర ఇలాంటివి దాదాపు కనపడవు. ఓడలో ప్రయాణం తట్టుకుని, గోడ మీద బాగా కనిపించిందే ‘ఆఫ్రికన్ కళ’ అయింది, మిగతాదంతా ఆఫ్రికాలోనే ఉండిపోయింది. ఒకందుకు అదే మేలేమో.

ఈ రుచి ఎలా తయారైందో కూడా దాపరికమేమీ లేదు. 1906, 1907 ప్రాంతంలో పారిస్‌లో వ్లామింక్, దెరాన్, మతీస్, పికాసో లాంటి చిత్రకారులు ఈ ముఖాలను చూసి మైమరిచిపోయారు. పికాసో 1907లో ఇలాంటి వస్తువులుండే ట్రొకాదెరో మ్యూజియానికి వెళ్లిన సంగతి ఎన్నోసార్లు చెప్పుకున్నదే. వాళ్ల వెనకే పాల్ గీయోమ్ లాంటి డీలర్లు వచ్చారు. నారలు పీకేశారు, గుడ్డలు తీసేశారు, చెక్కను తుడిచి మెరుగుపెట్టారు, కింద పీట బిగించారు. ఆ పీటలు చేసినవాళ్లలో ఇనాగాకి అనే జపాన్ కళాకారుడు ఎంత పేరు తెచ్చుకున్నాడంటే, ఇవాళ ఏ బొమ్మ కిందైనా ఆయన పీట దొరికితే దాని ధర పెరుగుతుంది. ఎందుకంటే అది 20వ శతాబ్దం మొదట్లోనే పారిస్ చేరిందనడానికి ఆ పీటే సాక్ష్యం. పీట చేసినాయన పేరు కేటలాగులో ఉంటుంది, బొమ్మ చెక్కినాయన పేరు ఉండదు. ‘పేరు తెలియని శిల్పి’ అని రాస్తారు గానీ ఊళ్లో ఆయన పేరు అందరికీ తెలుసు, కొన్నవాళ్లు అడగలేదు, అంతే. నైజీరియాలో ఒలోవే ఆఫ్ ఇసే లాంటి ఒకరిద్దరి పేర్లు మిగిలాయంటే తర్వాత ఎవరో వెళ్లి ఓపిగ్గా అడిగారు కాబట్టి.

మరి మార్కెట్ దేన్ని అసలుదంటుంది? ఆ ప్రజల్లో ఒకడు, ఆ ప్రజల కోసమే చేసి, తంతులో వాడినదై ఉండాలి. అమ్మకానికి చేసినదై ఉండకూడదు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఇందులో మెలిక ఉంది. వాడుకలో ఉన్నది, అమ్మకానికి కానిది, అమ్మకానికి వచ్చిందంటే మధ్యలో ఏదో జరిగి ఉండాలి. మతం మారి ఉండాలి, లేదా కరువో యుద్ధమో వచ్చి ఉండాలి, లేదా దొంగతనం, లేదా తుపాకీ. డిమాండ్ ఉన్నదే అలాంటి వస్తువుకు.

అన్నీ దొంగసొత్తేనని కొట్టిపారేయడం కూడా తప్పే. జాంబియాలో మకిషి మాస్కులను కుర్రాళ్లను పెద్దవాళ్లుగా మార్చే ముకాండా తంతు ముగిశాక తగలబెట్టే ఆనవాయితీ ఉండేది. మాలీలోని డోగోన్లు దామా అనే అంత్యక్రియల తంతు తర్వాత చాలా మాస్కులను కొండ గుహల్లో వదిలేసేవాళ్లు. నిమజ్జనమైన వినాయకుడి మట్టిని మళ్లీ ఎవరూ పూజించరు కదా, అలా కొన్నిచోట్ల శక్తి కొత్త మాస్కులోకి మారిపోయాక పాత చెక్కతో ఊరికి పని ఉండదు. అలాంటివి అమ్మితే ఎవరికీ బాధ లేదు. 1950 ప్రాంతంలో ఐవరీ కోస్ట్‌లోని సెనుఫోల మధ్య మాసా అనే కొత్త పూజా ఉద్యమం వచ్చి పాత బొమ్మలను వాళ్లే బయట పారేశారు, అక్కడి క్రైస్తవ ఫాదరీలు కొన్ని ఏరి దాచారు. గినీలో 1959 తర్వాత సెకూ తూరే ప్రభుత్వం మూఢనమ్మకాలు పోగొడతామంటూ మాస్కులు తగలబెట్టించింది, ఆ గొడవలో దేశం దాటినవి దాటబట్టే మిగిలాయి. ఏ వస్తువు ఏ దారిన వచ్చిందో ఒక్కొక్కటిగా చూడాల్సిందే, గంపగుత్తగా తీర్పు చెప్పలేం.

ఇక రెండో రకం దారి. 1931 నుంచి 1933 దాకా ఫ్రెంచి ప్రభుత్వం అండతో మార్సెల్ గ్రియోల్ నాయకత్వంలో డకార్ నుంచి జిబూటీ దాకా ఒక పరిశోధక బృందం వెళ్లింది, మూడు వేలకు పైగా వస్తువులు పట్టుకొచ్చింది. ఆ బృందం కార్యదర్శి మిషెల్ లైరీస్ రోజూ డైరీ రాసుకున్నాడు. మాలీలో కోనో అనే రహస్య సంఘం గుడిలోకి చొరబడి, పోలీసుల పేరు చెప్పి పెద్దమనుషుల్ని బెదిరించి, 10 ఫ్రాంకులు చేతిలో పెట్టి పవిత్ర వస్తువును ఎత్తుకురావడం, ఊళ్లో జనం భయంతో పారిపోవడం, తమ గుండెలు దడదడలాడటం, అన్నీ అందులో ఉన్నాయి. 1934లో అది అచ్చయితే గ్రియోల్‌కు కోపమొచ్చింది. ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు. చేసిన పనికంటే రాసిన పని ఆయనకు పెద్ద నేరంలా తోచింది.

1897లో బ్రిటిష్ సైన్యం ఇప్పటి నైజీరియాలోని బెనిన్ రాజ్యాన్ని కొల్లగొట్టినప్పుడు రాణి ఇదియా ముఖంతో చెక్కిన దంతపు మాస్కులు కూడా పోయాయి. ఒకటి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో, ఒకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో ఉన్నాయి. 1977లో లాగోస్‌లో ఆఫ్రికా కళల మహోత్సవానికి ఆ ముఖాన్నే చిహ్నంగా పెట్టుకుని, ఒకసారి అరువిమ్మని నైజీరియా అడిగితే బ్రిటిష్ మ్యూజియం ఇవ్వలేదు. అప్పట్నుంచి ఆ ముఖం చూస్తే నైజీరియా వాళ్లకు కడుపు మండుతుంది. ఈమధ్య కొంత కదలిక వచ్చింది. జర్మనీ 2022లో కొన్ని బెనిన్ కంచు వస్తువులు అప్పజెప్పింది, నెదర్లాండ్స్ 2025లో 119 ఇచ్చింది, ఫ్రాన్స్ 2021లో బెనిన్ దేశానికి 26 రాజవస్తువులు తిరిగిచ్చింది (ఆ రాజ్యం వేరు, ఈ దేశం వేరు, పేరొక్కటే). బెల్జియం రాజు 2022లో కాంగో రాజధాని కిన్షాసా వెళ్లి సుకు ప్రజల కకుంగు మాస్కును మ్యూజియానికి అందించాడు, అదీ తిరిగి ఇచ్చెయ్యడం కాదు, గడువు లేని అరువు. తమ వస్తువును తమకే అరువు! ఫ్రాన్స్ ప్రభుత్వమే 2018లో రాయించిన నివేదిక ప్రకారం అక్కడి ప్రభుత్వ మ్యూజియాల్లో సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా నుంచి వచ్చిన వస్తువులు సుమారు 90 వేలు, వాటిలో 70 వేలు పారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియంలోనే ఉన్నాయి. 26 వస్తువులు ఆ లెక్కలో ఎంతో చూసుకోండి.

చట్టం సంగతి ఇంకా విచిత్రం. 1970లో యునెస్కో ఒప్పందం వచ్చింది, సాంస్కృతిక వస్తువుల దొంగరవాణా అరికట్టాలని. అది వెనక్కి వర్తించదు. దాంతో మార్కెట్‌లో అందరూ అడిగే మొదటి ప్రశ్న, ‘1970కి ముందే దేశం దాటిందా’ అని. దీని ఫలితం ఏమిటంటే, 1897లో సైనికుడు ఇల్లు తగలబెట్టి తెచ్చినదానికి కాగితాలు పక్కాగా ఉంటాయి, చట్టం ముందు అది శుభ్రం. 1985లో కరువు తట్టుకోలేక మాలీ రైతు తన ఇంటి వస్తువును తానే వ్యాపారికి అమ్ముకుంటే అదే అక్రమ సొత్తు. నీతి లెక్కన చూస్తే తలకిందులు. పైగా ఈ నియమమే దొంగ కాగితాలకు గిరాకీ పుట్టించింది. పాత లేబుళ్లు అంటిస్తారు, మ్యూజియం నంబర్లను సిరాతో వేస్తారు, 1960ల నాటి అమ్మకం రసీదులు పుట్టిస్తారు. తెలుగువాళ్లకు ఇది దూరపు కథేం కాదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుంచి పోయిన శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో కొన్నది 1960ల్లోనే హాంకాంగ్‌లో అమ్ముడైందని చెప్పే కాగితాలు చూసే. అది అంతకు చాలా తర్వాత ఇక్కడే ఉన్నట్టు పాత ఫొటోలు బయటపడ్డాక 2016లో తిరిగిచ్చింది. టాంజానియాకూ అలాంటి అనుభవం ఉంది, దారెస్సలామ్ జాతీయ మ్యూజియంలో 1984లో చోరీ అయిన మకోండే ప్రజల మాస్కు జెనీవాలోని ఒక ప్రైవేటు మ్యూజియంలో తేలి, 2010లో గానీ ఇల్లు చేరలేదు.

నకిలీల విషయానికొస్తే అదొక పెద్ద పరిశ్రమ, తిట్టుకుంటూనే మెచ్చుకోవాల్సిన పనితనం. కామెరూన్‌లోని ఫుంబాన్, ఐవరీ కోస్ట్‌లోని కొరోగో లాంటి చోట్ల తరతరాల చెక్కుడుపనివాళ్లున్నారు. కొత్త మాస్కును వంటింటి పొగలో వేలాడదీస్తారు, మట్టిలో పాతుతారు, చెదలకు కొంచెం మేతగా పెడతారు, బూటు పాలిష్ రుద్దుతారు. చూసేవాళ్లు ముందువైపే చూస్తారు గానీ తెలిసినవాళ్లు వెనక్కి తిప్పుతారు. నుదురు, చెంపలు తగిలే చోట చెమటకు నున్నగా అరిగిందా, నార దుస్తులు కట్టడానికి అంచున వేసిన చిల్లులు తాడు రాపిడికి ఒకవైపు సాగాయా, కన్నాల్లోంచి నర్తకుడికి అసలు దారి కనపడుతుందా? నాలుగు వైపులా సమానంగా అరిగిన మాస్కును నమ్మకూడదు, వాడకం ఎప్పుడూ సమానంగా అరగదీయదు. సైన్సు తేల్చేస్తుంది కదా అంటే అంత సీన్ లేదు. చెక్క వయసు లెక్కగట్టే కార్బన్ డేటింగ్ సుమారు 1650 నుంచి 1950 మధ్య కాలానికి స్పష్టమైన జవాబివ్వలేదు, సరిగ్గా మనకు కావాల్సింది ఆ కాలమే. పైగా పాత దూలాన్ని తెచ్చి నిన్న చెక్కితే చెక్క వయసు పాతదే చూపిస్తుంది. అందుకే మళ్లీ అందరూ కాగితాల దగ్గరికే వస్తారు.

ఈ గొడవంతా కోట్ల రూపాయల వాళ్లది, మనకెందుకంటారా. దారెస్సలామ్‌లో, నైరోబీలో, లాగోస్‌లో, లుసాకాలో ఉద్యోగాలకూ వ్యాపారాలకూ వెళ్లిన తెలుగువాళ్లు తక్కువేం కాదు, సెలవుకొచ్చేటప్పుడు సూట్‌కేసులో ఒక మాస్కు పెట్టుకురావడమూ మామూలే (హాల్లో తగిలిస్తే ‘ఆ దెయ్యం మొహం ఎందుకురా ఇంట్లో’ అని అమ్మమ్మ అనడమూ మామూలే). అక్కడి బజారులో వందేళ్ల నాటిదని చెప్పి అమ్మితే నవ్వి ఊరుకోవాలి. నైరోబీలో ‘మసాయి మాస్కు’ అని అమ్ముతారు, మసాయిలకు చెక్క మాస్కుల సంప్రదాయమే లేదు, అది పూర్తిగా టూరిస్టుల కోసం పుట్టింది. ఎబొనీ (సహజంగానే నల్లగా ఉండే గట్టి చెక్క) అని చెప్పేదాంట్లో చాలావరకు మామూలు చెక్కకు నల్ల రంగే, తడిగుడ్డతో రుద్దితే కొన్నిసార్లు గుట్టు బయటపడుతుంది. అక్కడ ఎబొనీగా చెలామణీ అయ్యే అసలైన ఎంపింగో చెక్క నీళ్లలో మునిగేంత బరువు.

నిజంగా పాతదే అయితే ఇంకా చిక్కు. నైజీరియా లాంటి దేశాల్లో అక్కడి మ్యూజియాల శాఖ నుంచి అనుమతి కాగితం లేకుండా పాత వస్తువు బయటికి తీసుకెళ్లకూడదు. దంతం, చిరుతపులి చర్మం, కోతి వెంట్రుకలు అతికించి ఉంటే వన్యప్రాణి చట్టాలు కూడా తగులుకుంటాయి, కస్టమ్స్ దగ్గర టెన్షన్ ఖాయం. కాబట్టి పాతదనే మోజు వదిలేసి, అమ్మకానికే చేశానని చెప్పే పనివాడి దగ్గర కొనడం అన్నివిధాలా మేలు. దారెస్సలామ్‌లోని మ్వెంగే బజారులో మకోండే చెక్కుడుపని కళ్లెదుటే జరుగుతుంది, డబ్బు చేసినవాడికే వెళ్తుంది, పేరు అడిగితే చెబుతాడు. అమ్మకానికి చేసింది కాబట్టి అది కళ కాదనే వాదన పారిస్ డీలర్ల నుంచి అరువు తెచ్చుకున్నది, దాన్ని మనం మోయనక్కర్లేదు. ఐవరీ కోస్ట్‌లో గురో ప్రజల జావులి మాస్కు ఆట పుట్టిందే 1950ల్లో, 2017లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది, ఇప్పుడు దాని కాళ్ల వేగం చూడని ఫోన్ లేదు. బెనిన్ కళాకారుడు రొమువాల్ద్ అజూమే పెట్రోలు మోసి పారేసిన ప్లాస్టిక్ డబ్బాలతో మాస్కులు చేస్తాడు, పెద్ద మ్యూజియాలు ఆయన పని కొంటాయి, లేబుల్ మీద ఆయన పేరే ఉంటుంది.

ఇంటికి తెచ్చాక చూడాల్సింది పురుగు. మాస్కు కింద పిండిలాంటి సన్నటి పొడి రాలుతుంటే లోపల చెక్కపురుగు తొలుస్తోందని అర్థం, మన వాతావరణంలో అది పక్కనున్న టేకు బీరువాకూ పాకొచ్చు. ప్లాస్టిక్ కవర్లో గాలి దూరకుండా చుట్టి, మైనస్ 20 డిగ్రీల దాకా వెళ్లే డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచి, తీశాక కవరు విప్పకుండా ఒక రోజు గది వేడికి రానివ్వాలి. వార్నిష్ వెయ్యొద్దు. ఏదైనా పాత మ్యూజియం నుంచో వలసకాలపు సేకరణ నుంచో వచ్చిన వస్తువైతే చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు, పురుగు పట్టకుండా అప్పట్లో వాటి మీద ఆర్సెనిక్, తర్వాత డీడీటీ చల్లేవాళ్లు, ఆ విషం ఇంకా పోలేదు.